అడుగక పెట్టిన అన్నము

ఒక జాతి దయాగుణమును గూర్చి వ్రాయఁబూనిన చరిత్రకారునకు సాధనములు మిక్కిలి తక్కువ. యుద్ధములు జరిగిన తావులు, రాజులు పట్టము గట్టుకొన్న దినములు, పన్నులు హెచ్చిన యేండ్లు శాసనములలోను దస్త్రములలోను పదిలముగా నిలిచియుండును గాని, మిట్టమధ్యాహ్నమున గడపలో నిలిచిన బాటసారితో ఒక యిల్లాలు ఏమని పలికెనో, ఏ స్వరమునఁ బలికెనో, విస్తరి వేయుటకు ముందు అతనిని ఏమడిగెనో యెవరును వ్రాసి యుంచలేదు. అయినను తెలుగు దేశమునందలి సత్రములు, చలిపందిళ్లు, విద్యార్థుల వారములు, కఱవునాఁటి సహాయ శిబిరములు మొదలైనవాని పూర్వవృత్తాంతమును కొంచెము శ్రద్ధతోఁ బరిశీలించినయెడల, ఆ గడపవద్ది ప్రశ్నయే యన్నింటికిని కీలకమని నాకుఁ దోఁచుచున్నది. కలిగినవారు ఎవరైనను అన్నము పెట్టవచ్చును. పెట్టుటకు ముందు ఏమి యడిగిరి, ఏమి యడుగక మానిరి, పెట్టిన పిదప ఏమని పలికిరి యనుదానిని బట్టియే ఆ యన్నమునకు విలువ కట్టవలెను.

ఈ దేశమున దయను గూర్చి వ్రాఁతలో నిలిచిన మాటలలో మిక్కిలి ప్రాచీనములైనవి కర్నూలు మండలమందలి ఎఱ్ఱగుడి బండలమీఁద నున్నవి. గుత్తినుండి పత్తికొండకుఁ బోవు త్రోవలో నున్న యీ గుట్టపై మౌర్య చక్రవర్తియైన అశోకుని పదునాలుగు ప్రధాన శాసనములును, రెండు చిన్న శాసనములును బ్రాహ్మీలిపిలోఁ జెక్కఁబడియున్నవి. రెండువేల రెండువందల యేండ్లు ఎండకు నెండి వానకుఁ దడిసిన యీ వ్రాఁత 1928-29 ప్రాంతమున నొక భూగర్భశాస్త్రజ్ఞుని కంటఁ బడిన పిదపఁగాని పండితలోకమునకుఁ దెలియలేదు. వీనిలో రెండవ శాసనము మనుష్యులకును పశువులకును చికిత్స జరుగు నేర్పాటును, ఓషధులు దొరకని చోట్ల వానిని తెప్పించి నాటించుటను, బాటలవెంట నూతులు త్రవ్వించి చెట్లు పెట్టించుటను దెలుపును. ఇది బడిపిల్లలకు సైతము తెలిసిన సంగతియే. నన్ను ఎక్కువగా ఆలోచింపఁజేసినది పండ్రెండవది. దానముకంటెను సన్మానముకంటెను అన్ని మతములవారియందును సారము వృద్ధిఁ బొందుటయే గొప్పదనియు, ఆ వృద్ధికి మూలము వాక్కును అదుపులో నుంచుకొనుట యనియు చక్రవర్తి యందుఁ జెప్పినాఁడు. సందర్భము లేక తన మతమును పొగడుకొనుటయు, పరుల మతమును నిందించుటయు కూడదు; సందర్భము వచ్చినప్పుడైనను మితముగానే యుండవలెను; పరులను దూఱి తన మతమునకు మేలు చేయుచున్నాననుకొనువాఁడు దానికే చెఱుపు చేయుచున్నాఁడు; కావున ఒకరి ధర్మమును మఱియొకరు చెవియొగ్గి వినవలెను. ఇది యా శాసనపు తాత్పర్యము. దానమును రెండవ స్థానమునకు దించి, పలుకును మొదటి స్థానమునఁ గూర్చుండఁబెట్టిన రాజు మఱియొకఁడు మన చరిత్రలోఁ గానరాఁడు.

ఆ గుట్టమీఁదనే యున్న చిన్న శాసనమున తల్లిదండ్రులను సేవింపుఁడు, ప్రాణులయెడ దయ చూపుఁడు, సత్యము పలుకుఁడు అను బోధను రజ్జుకులనెడు నధికారులు భేరి మ్రోయించి పల్లెజనులకు వినిపింపవలెననియు, గజారోహకులు, లేఖకులు, రథచోదకులు, బ్రాహ్మణోపాధ్యాయులు తమ తమ వారికి నేర్పవలెననియు ఆజ్ఞ కలదు. తప్పెట కొట్టించి దయ నేర్పవచ్చునా యని మనము చిఱునవ్వు నవ్వవచ్చును. కాని యేనుఁగు నెక్కువానికిని రథము తోలువానికిని గూడ ఈ పాఠము అక్కఱయని గుర్తించుటలో లోకజ్ఞానము లేకపోలేదు. ఎత్తున నుండి క్రిందివారితో మాటలాడువారికే యిది ముందు కావలసిన చదువు. ఇంతయుఁ జెప్పి, కళింగ యుద్ధమునకు వగచిన పదుమూఁడవ శాసనముననే అడవి జాతులవారిని తన బలము మఱవవద్దని యా చక్రవర్తియే హెచ్చరించినాఁడన్న సంగతిని దాఁచుట న్యాయము కాదు. రాజుల దయ వెనుక దండము పొంచియే యుండును.

ఎఱ్ఱగుడికిని కాకతీయులకును నడుమ పదునైదు శతాబ్దముల దూరము కలదు. నాగార్జునకొండలోని విహారములు, ఇక్ష్వాకు రాజకుటుంబపు స్త్రీలు భిక్షుసంఘములకుఁ జేసిన దానములు ఈ కాలమునకుఁ జెందినవి. వానిని గూర్చి యితరులు విపులముగా వ్రాసియున్నారు గనుక నేను వానిని దాఁటి, కృష్ణకు దక్షిణపుటొడ్డున మందడము, వెలగపూడి గ్రామముల చెంతనున్న మల్కాపురపు స్తంభశాసనమునకు వచ్చుచున్నాను. దీని కాలము శకవర్షము 1183, అనఁగా క్రీ.శ. 1261. గౌడదేశమునుండి వచ్చి గోళకీ మఠమునకు ఆచార్యుఁడైన విశ్వేశ్వరశివుఁడు కాకతీయ గణపతిదేవునకు గురువు. గణపతిదేవుఁడు ఇచ్చెదనన్న గ్రామమును ఆయన కూఁతురు రుద్రమదేవి మఱియొక గ్రామముతోఁ గూడ ఆ గురువునకు ధారవోసెను. గురువు అచ్చట శివాలయమును, మఠమును, విద్యాశాలను, అన్నసత్రమును, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను నెలకొల్పి, గ్రామముల రాఁబడిని వానికిఁ బంచెను. వైద్యుఁడు, లెక్కలు వ్రాయువాఁడు, వంటవారు, ఊరి కావలివారు మొదలుగాఁ గలవారికి జీవనోపాధి యేర్పఱిచెను. ఇందు మనకు ముఖ్యమైన విధి యొకటి కలదు. ఆ సత్రమున బ్రాహ్మణుఁడు మొదలు చండాలుని వఱకు ఎవరు వచ్చినను, ఏ వేళ వచ్చినను, అన్నము లేదనక పెట్టవలెను.

ప్రసూతిశాలను గూర్చి చదివినవారందఱును ఆశ్చర్యపడుదురు, పడవలసినదే. నాకు మాత్రము ఆ సత్రపు నియమము అంతకంటె సాహసమైనదిగాఁ గనఁబడును. ఏలయన ఆ శాసనమే అదే గ్రామమున ద్రావిడ బ్రాహ్మణులకు ఇండ్లును భూములును వేఱుగా ఏర్పాటు చేసినది. ఎవరి తావు ఎచ్చటనో, ఎవరి వృత్తి యేదో, ఎవరి పాలు ఎంతయో కొలిచి చెక్కించినది. ఊరంతయు ప్రశ్నమీఁదనే నడచుచుండఁగా ఒక్క సత్రపు వాకిట మాత్రము ప్రశ్న వలదని యాచార్యుఁడు శాసించెను. ఆఁకలిగొన్నవానికి అన్నము ముందు, కులము తరువాత యను తలంపు పదుమూఁడవ శతాబ్దమున రాతిపై కెక్కినదన్న యీ సంగతిని, తరువాతి యేడువందల యేండ్లలో సత్రములు కట్టించినవారు ఇంచుమించుగా మఱచిరి.

మఱచిరనుటకుఁ గారణము సత్రముల చరిత్రయే. యాత్రామార్గములు పెరిగినకొలఁది సత్రములును పెరిగినవి. ఒక జమీందారు గాని, వర్తకుఁడు గాని, సంతానము లేని వితంతువు గాని కొంత మాగాణిని సత్రమునకు వ్రాసియిచ్చుట, దాని పారుపత్యమునకు ఒక కుటుంబమును నియమించుట, పంక్తికిఁ దగినవారని తలఁచినవారికి వండి వడ్డించుట, తమ వంట తాము చేసికొనువారికి బియ్యము, పప్పు, ఉప్పు, చింతపండు, కట్టెలు కొలిచి స్వయంపాకమిచ్చుట, మిగిలినవారికి చెట్టునీడ చూపుట స్థూలముగా నాఁటి పద్ధతి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారముతో బయలుదేఱి, కాశికిఁ బోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరెను. 1838లో అచ్చుపడిన ఆయన కాశీయాత్ర చరిత్రలో ఊరూరను దిగుటకుఁ దావు కలదా, సత్రమున్నదా, అంగళ్లలో ఏమి దొరకును అను విషయముల ప్రస్తావన విరివిగాఁ గలదు. రైలుబండి లేని యా కాలమున బాటసారి ప్రాణములు ఈ మూఁడు ప్రశ్నలపై నాధారపడి యుండెను. కాని సత్రమునందు పారుపత్తెగాఁడు బాటసారిని అడుగు ప్రశ్న వేఱు: తమరిది ఏ యూరు, ఏ కులము, ఏ శాఖ? ఈ మూఁటికిని సరియైన జవాబు చెప్పఁగలిగినవానికి మర్యాదకు లోటు లేదు. కాళ్లకు నీళ్లు, కూర్చుండ పీఁట, మారు వడ్డన, పడుకొన చాప యన్నియు జరిగెడివి. చెప్పలేనివాఁడు ఆ గడపకు వచ్చుటయే లేదు. నేఁటికిని శ్రీశైలమున వరుసగా నిలిచిన సత్రముల ద్వారములపై కులముల పేళ్లు చదువఁగలము. అవి దయతోఁ గట్టినవి కావని యెవరనఁగలరు? కాని తనవారిపై దయ కలుగుట ప్రకృతి. తనవాఁడు కానివానిపై దయను అలవాటు చేసికొనవలెను. దానికి సాధన కావలెను.

చలిపందిళ్ల సంగతియు ఇట్టిదే. వేసవిలో దారిప్రక్క తాటాకు పందిరి వేసి, ఇసుకలో క్రొత్త కుండలు పాఁతి, వట్టివేళ్లు వేసిన నీరో, కరివేపాకును ఉప్పును గలిపిన మజ్జిగయో పోయుట తెలుగు పల్లెలలో ఎంత పేదవానికైనను అందుబాటులో నున్న ధర్మము. అయినను పలుచోట్ల కొందఱి దోసిట ముంతతో నీళ్లు వంచెడివారు. కొందఱికి అల్లంత దూరమున నిలువుమని, పొడుగాటి వెదురు గొట్టముగుండ ధార విడిచెడివారు. ఆ నీటిలో చల్లఁదనము కొఱవడలేదు. గొట్టము ఎంత పొడవో అంత అవమానము మాత్రము ఆ ధారతోపాటు గొంతు దిగెడిది.

వారముల యాచారమున మాటకుఁ గల బలము స్పష్టముగాఁ గనఁబడును. చదువుకొనుటకు పట్టణమునకు వచ్చిన పేద బ్రాహ్మణ బాలుఁడు ఏడు గృహములను ఆశ్రయించి, ఆదివారము ఒకరింట, సోమవారము మఱియొకరింట భోజనము చేయుట నిన్నమొన్నటి వఱకు ఉండినదే. పందొమ్మిదవ శతాబ్దము చివర చదువుకొన్న పెద్దలలో వారములు చేసికొని పైకి వచ్చినవారు తక్కువ కాదు. ఈ భోజనమున కష్టము అన్నము దొరకుటలో లేదు. వేళకు పోయి గడపలో నిలుచుటలో నున్నది. ముందు పోయిన నాఁకలి యనుకొందురు, ఆలస్యమైన నిర్లక్ష్యమనుకొందురు. తెలిసిన యిల్లాండ్రు పిల్లవానిని ఆ గడపలో నిలువనీయరు. తమ చిన్నపిల్లను వీథిలోనికి పంపి, అన్నయ్యా, అమ్మ రమ్మంటోంది అని పిలిపింతురు; తమ పిల్లల ప్రక్కనే విస్తరి వేయుదురు; చాలునని చేయి అడ్డము పెట్టినను ఆ చేయి ఎంతసేపు అడ్డముండునో చూచి వడ్డింతురు; పాఠము సంగతి అడుగుదురు గాని యింటి సంగతి అడుగరు. తెలియనివారి యింట అదే పప్పు, అదే పులుసు, అదే మజ్జిగ యుండును; కాని వసారాలో వేఱుగా విస్తరి వేసి, మా యింటి తిండితో గదా యింతవాఁడ వగుచున్నావని ఒక్కమాట అందురు. పెట్టి దెప్పుట యని తెలుగున దీనికి పేరు. దెప్పిన యన్నము తిన్నవానికి ఎన్నఁడును అరుగదు. అఱువదవ యేట వ్రాసికొన్న స్వీయచరిత్రలోనికి సైతము అది యెక్కుచుండును. అడుగనిదే అమ్మయైనఁ బెట్టదని సామెత గలదు గాని, అడిగించుకొనక పెట్టిన తల్లులు లేకున్న మన దేశమున సగము మంది ప్లీడర్లును పంతుళ్లును తయారయ్యెడివారు కారు. వారములు దొరకనివారికి పూటకూళ్లయిల్లు దిక్కు. అట్టి యిండ్లు నడిపినవారు పెక్కుమంది భర్తలను కోల్పోయిన స్త్రీలు. టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూళ్లయిల్లు నడిపియే పిల్లలను పెంచినది. ఊరందఱి యాఁకలి తీర్చిన యీ స్త్రీలను ఊరు చిన్నచూపు చూచెను. సుబ్బమ్మగారి పేరు నేఁడు మనకుఁ దెలియుట కొడుకు ముఖ్యమంత్రి యగుటచేతనే.

ఇఁక కఱవులు. తెలుగువారు తమ కఱవులను సంవత్సరముల పేళ్లతో జ్ఞాపకముంచుకొనిరి. 1832-33 నాఁటి నందన కఱవున గుంటూరు సీమలో అయిదు లక్షల జనములో లక్షన్నరకుఁ దక్కువ గాకుండ నశించిరని నాఁటి యంచనాలు. దానిని డొక్కల కఱవనియుఁ బిలిచిరి. 1866 నాఁటి కఱవున కర్నూలు సీమలోని ఉయ్యాలవాడ వాసియైన బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెఱపించి, వచ్చినవారికెల్ల నెలలతరబడి అన్నము పెట్టించెను. దొరతనమువారు ఆయనకు బంగారు పతకమిచ్చిరి. రాయలసీమ గాయకులు ఆయనపై పాట కట్టిరి. పతకము సంగతి పుస్తకములలో నున్నది, పాట జనుల నోట నున్నది. పదేండ్లు తిరుగునప్పటికి, 1876 నుండి 1878 వఱకు, ధాత కఱవు వచ్చినది. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములు దానికిఁ గుదేలయినవి. అప్పుడు దయ ప్రభుత్వ శాఖ యయ్యెను. కలకత్తా ప్రభుత్వము పక్షమున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కూలివాని దినవేతనమును ఒక పౌను ధాన్యమునకును స్వల్పమైన రొక్కమునకును తగ్గించెను. ఒక పౌను అనఁగా అరకిలోకుఁ గొంచెము తక్కువ. సాయము కోరువాఁడు నిజముగా గతిలేనివాఁడేనా యని తేల్చుటకై, తన యూరికి పది మైళ్లకుఁ దక్కువ గాని శిబిరమునకుఁ బోయి, అచ్చటనే యుండి, మట్టి మోయవలెనని పరీక్ష పెట్టిరి. మద్రాసు ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిషు ఆ కూటితో మనిషి పనిచేసి బ్రదుకలేఁడని దస్త్రములలో గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు వేతనము పెంచిరి. నేను ఆ యధికారులను క్రూరులనుటకు పూనుకొనలేదు. లెక్క తప్పునేమో, ఖజానా ఖాళీయగునేమో, సోమరులు చేరుదురేమో యని వారు భయపడిరి. ఆ భయమునుండి పుట్టిన ప్రశ్న శిబిరపు ద్వారమున నిలిచినది. నీవు నిజముగా నాఁకలిగొన్నావని ఏమి రుజువు? సత్రపు పారుపత్తెగాఁడు కులమడిగెను, దొరతనమువారు రుజువడిగిరి. రెంటిలో ఏది యెక్కువ కఠినమో తేల్చుట సులభము కాదు. కాని నడిచి నడిచి దారిలో పడిపోయినవారి సంఖ్యను బట్టి చూచినయెడల రెండవదే.

నందన కఱవు చేసిన కీడునకు ఒక ఫలము మాత్రము కలిగెను. గోదావరి నీరు సముద్రమునఁ గలియుచుండఁగా దాని యొడ్డున జనము మాడుటను గూర్చి ఇంజనీరైన ఆర్థరు కాటను చేసిన విన్నపములు ఫలించి, 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని ప్రారంభమై 1852లో ముగిసెను. వైనతేయ గోదావరికి ఆవలనున్న నగరము లంకకు నీరందించుటకై గన్నవరమువద్ద నలువదితొమ్మిది తోరణముల అక్విడక్టు కట్టిరి. కోనసీమలో వరి విరివిగాఁ బండినది. ఈ సంగతి చెప్పక, అన్నదానమునకుఁ బేరొందిన డొక్కా సీతమ్మగారి కథను చెప్పుట సత్యమునకు లోటు. ఆమె హృదయము ఆమెది. ఆమె గాదెలోని ధాన్యము కాలువది.

సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు వచ్చినవారికెల్ల బువ్వ పెట్టుటచేత ఊరివారు ఆయనను బువ్వన్న యని పిలిచెడివారు. తల్లి నరసమ్మగారు చిన్ననాఁడే గతింపఁగా ఇంటి భారము బాలిక మీఁదఁ బడినది. లంకల గన్నవరమున మోతుబరి రైతైన డొక్కా జోగన్నగారికి ఆమెనిచ్చి పెండ్లి చేసిరి. గన్నవరము వైనతేయపు టొడ్డున నున్నది. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి తీర్థమునకుఁ బోవువారు, పెండ్లివారు, సరకులవారు, కోర్టుకుఁ బోవువారు నావలకై వేచి, నావలు దప్పి, వానలోఁ జిక్కి, చీఁకటి పడిన పిదప ఆ యూరు చేరెడివారు. అట్టి తావున అన్నము పెట్టుటకు పూనుకొనుట యనఁగా నిద్రను వదలుకొనుటయే. అర్ధరాత్రమున తలుపు తట్టినవానికైనను ఆ యింట పొయ్యి రాఁజెడిదనియు, కులము గాని మతము గాని అడిగెడి వాడుక లేదనియు ఆ సీమవారు తరతరములుగాఁ జెప్పుకొందురు.

ఆమెను గూర్చిన కథలలో నొకటి మాత్రము ఇచ్చటఁ జెప్పెదను. ఏండ్ల తరబడి గడప దాఁటని సీతమ్మగారు ఒకపరి అంతర్వేది స్వామి కల్యాణము చూడఁగోరి పల్లకిలో బయలుదేఱిరఁట. దారిలో బోయీలు అలసట తీర్చుకొనుటకు దింపిన తావున, తీర్థమునుండి మరలివచ్చుచున్న యొక కుటుంబమువారి మాటలు ఆమె చెవినిఁ బడినవి. ఆఁకలికి ఏడ్చుచున్న పిల్లలను పెద్దలు ఊరడించుచు, ఇంకెంత, గన్నవరము చేరిన సీతమ్మగారు అన్నము పెట్టుదురు అనుచుండిరి. ఆమె పల్లకిని వెనుకకు మరలింపుమని, వారికంటె ముందుగా ఇల్లు చేరి, వంట చేయించి, వారు వచ్చునప్పటికి విస్తళ్లు సిద్ధము చేసినదని కథ. నేను దీనిని భక్తికథగాఁ దలఁపను. దయకు కావలసిన పనిముట్లలో మొదటిది చెవి యనుటకు దీనికంటె చక్కని నిదర్శనము నాకుఁ దెలియదు. ఆ కుటుంబమువారు ఆమెను ఏమియు అడుగలేదు; ఆమె అచ్చట నున్నదనియే వారికిఁ దెలియదు. ఆమె వారిని ఏమియు అడుగలేదు. ఇంకొక సంగతి. వచ్చినది తానేయని దిగి చెప్పి, నా యాత్ర మీకొఱకై మానుకొంటినని యొక మాట యనవచ్చును గదా. కథ చెప్పినవారెవరును ఆమెచేత ఆ మాట యనిపింపలేదు. జనులకుఁ దెలియును, ఆ మాట యన్ననాఁడు ఆమె సీతమ్మ కాదు.

ఆమె కీర్తి సముద్రములు దాఁటెను. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవమునకు ఆమె ఛాయాచిత్రమును పంపుఁడని పైనుండి యుత్తరువు రాఁగా, పటము తీయించుకొనుటకు ఆమె యొప్పుకొనలేదనియు, పటము పంపకున్న తన యుద్యోగమునకే ముప్పని అధికారి వాపోఁగా, అతనికిఁ గీడు కలుగరాదని మాత్రమే కూర్చుండిరనియు ప్రసిద్ధి. 1909లో ఆమె గతించిరి. ఆ ఛాయాచిత్రము మనకు మిగిలినది. ఆ యింట రోకళ్లు పట్టి దంచినవారు, కావిళ్లతో నీళ్లు మోసినవారు, గిన్నెలు తోమినవారు, పొలములు దున్ని పండించినవారు ఏ పటములోను లేరు. వేలమందికి అన్నము పెట్టిన చేతులు రెండే యని చెప్పుకొనుట మన చరిత్రరచనలోని పాత దురలవాటు.

ఇంతవఱకు చెప్పినదంతయు పెట్టినవారి పక్షము. ఇరువదవ శతాబ్దమున గడప బయట నిలిచినవారు మాటలాడ నారంభించిరి. హైదరాబాదున భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథలద్వారా తన జనులలో ప్రబోధము కలిగించెను. 1917లో బెజవాడలో ఆయన యధ్యక్షతను జరిగిన సభ, ఇతరులు తమకుఁ బెట్టిన పంచములను పేరు వలదని, ఆది ఆంధ్రులమని తమ్ముఁ దాము పిలుచుకొన్నది. దయతోఁ బెట్టెదమనువారికి ఇది క్రొత్త పాఠము. ముందు మమ్ము సరిగాఁ బిలువుఁడు, పెట్టుట తరువాత అని దాని యర్థము. కాకినాడలో పిఠాపురపు రాజావారి కళాశాలకు 1904 నుండి ప్రిన్సిపాలుగా నుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ఆ పాఠమును త్వరగా గ్రహించినవారిలో నొకరు. రాజావారి ద్రవ్యసాయముతో అనాథశరణాలయమును, అస్పృశ్యులని వెలివేయఁబడినవారి పిల్లలకు వసతిగృహమును ఆయన నెలకొల్పిరి. వారములు దొరకని బాలురకు అది యేడు దినముల యిల్లు. సత్రమునకును దీనికిని గల భేదమేమనఁగా, సత్రమున అతిథి మఱునాఁడు వెడలిపోవును. ఇచ్చటి పిల్లవాఁడు రేపును ఎల్లుండియు మన యెదుటనే యుండి, మన మాటతీరును పరీక్షించుచుండును.

స్వాతంత్ర్యానంతరము సత్రముల భూములు పెక్కు అన్యాక్రాంతమైనవి. కొన్నింటిని దేవాదాయ శాఖ స్వాధీనపఱుచుకొనెను. రైళ్లును బస్సులును హోటళ్లును వచ్చిన పిదప బాటసారికి సత్రముతోఁ బని తగ్గెను. ప్రశ్న మాత్రము పోలేదు. కార్డున్నదా, పేరున్నదా, వ్రేలిముద్ర పడినదా యను రూపమున ధాత కఱవునాఁటి రుజువు నేఁటికిని కౌంటరువద్ద అడుగుచునే యున్నారు. దీనికి ఎదురుగా నిలిచిన గొప్ప యేర్పాటు ఒక్కటి కలదు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోని పిల్లలందఱికిని వండిన యన్నము పెట్టవలెనని 2001 నవంబరు 28న సుప్రీముకోర్టు ఆదేశించెను. ఆదాయమెంత, కులమేమి యను ప్రశ్న లేకుండ, బడికి వచ్చిన ప్రతి పిల్లవానికిని విస్తరి. మల్కాపురపు రాతిమీఁది విధి మరల చట్టమైనట్లు దీనిని నేను లెక్కింతును. గన్నవరముచెంత 2000లో తెఱచిన క్రొత్త అక్విడక్టుకు సీతమ్మగారి పేరున్నది. 2024 నుండి ఆంధ్రప్రదేశమున బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకును ఆమె పేరే పెట్టిరి. పేరు పెట్టుట సులభము. వడ్డించు చేయి ఎవరిదను తగవు కొన్ని యూళ్లలో నేఁటికిని లేచుచున్నది. ఆ తగవు లేచినచోట ఆమె పేరు గోడపై నుండుటకుఁ దగదు.

చదువరులకు ఒక మనవి. మీ యూరనో, మీ తాతల యూరనో పాడుపడిన సత్రమొకటి యుండును. దాని గోడలోని ఫలకముపై ఎవరు కట్టించిరి, ఏ యేఁట కట్టించిరి, ఎంత భూమి వ్రాసిరి, ఎవరికిఁ బెట్టుమనిరి, ఎవరికిఁ బెట్టవద్దనిరి అను సంగతులు చెక్కఁబడియుండవచ్చును. మరమ్మతుల పేర సున్నము కొట్టకమునుపే, సిమెంటు పూయకమునుపే పోయి చదివి వ్రాసికొనుఁడు. ఆ యూరి వృద్ధులలో ఆ గడపలో నిలిచి తిన్నవారును, ఆ గడపనుండి మరలింపఁబడినవారును ఇంకను కొందఱుందురు. ఇరువురినిఁ గూడ అడుగుఁడు, మరలింపఁబడినవారిని ముందుగా అడుగుఁడు.